మైకులో తమ్ముడి గొంతు

చిరంజీవి తమ్ముడికి,
అక్క దీవెనలు. మీ వరద హెచ్చరికల ఆఫీసు ఏటిగట్టు మీద పెట్టించిన మైకు బాగా పలుకుతోంది. "ఏరు పొంగుతోంది, బడి మేడెక్కండి" అని నీ గొంతు వినబడితే దిగువ వీధివాళ్లు అన్నం ముందు నుంచి కూడా లేస్తున్నారు. నిన్న మాత్రం అదే మైకు, "అక్కా, మేకను చెట్టు కింద కట్టకు" అంది.
నీ మేలు కోరే
అక్క
తా.క. కట్టలేదు. చెట్టు కూలింది.

అక్కయ్యకు,
నమస్కారం. నేను రికార్డు చేసిందల్లా ఏరు సంగతే. నీ మేక ఊసు నాకెందుకు? ఎవడో ఆకతాయి నా గొంతు అనుకరిస్తున్నాడు. నీ ఫిర్యాదు రాయించి మెకానిక్‌ను పంపిస్తున్నాను.
తమ్ముడు
తా.క. మేక కులాసానా?

చిరంజీవికి,
అది ఫిర్యాదు కాదు, కబురు. మెకానిక్ నిచ్చెన వేసి మైకు విప్పాడు. లోపల కందిరీగల గూడు తప్ప ఏమీ లేదట. వైరు అసలు కలపనే లేదట. అంతలో, "అన్నా, కింది మెట్టు విరిగింది, చూసుకుని దిగు" అని నీ గొంతు. అతను దిగలేదు, దూకాడు. మళ్లీ కనబడలేదు.
వానలొస్తున్నాయి. మైకు తీయించవద్దు. దిగువ వీధి ఇంకొకరి మాట వినదు.
అక్క
తా.క. అతని సంచి నా దగ్గరుంది. భయం తీరాక రమ్మను.

అక్కయ్యకు,
నీ ఉత్తరం మా ఆఫీసరుకు చూపించాను. ఆయన తా.క. ఒక్కటే చదివారు. "మైకుకు జనం భయపడుతున్నారన్నమాట" అని పీకించి తెప్పించేశారు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది, కిక్కురుమనదు. కొత్తది వచ్చేదాకా నువ్వే గొంతెత్తు. చిన్నప్పుడు నన్ను బడికి లేపేదానివిగా!
తమ్ముడు
తా.క. వైరు లేని మైకు మాట్లాడిందంటే ఇక్కడ ఒకటే నవ్వులు.

చిరంజీవికి,
ఏరు వచ్చింది. గడప గడపకూ వెళ్లి "తమ్ముడు చెప్పమన్నాడు" అన్నాను. అబద్ధమే. దేవుడు మన్నిస్తాడు. ఇళ్లు మునిగాయి. మనుషులం, మేక, బడి మేడ మీద క్షేమం.
మమ్మల్ని దాటిన నీళ్లు మీ ఊరికే వస్తాయి. మీకెవరు చెబుతారు? నాకు చేతనైంది ప్రార్థన. మొదలుపెట్టాను.
అక్క
తా.క. మైకును బల్ల మీద నుంచి కదపకు.

అక్కయ్యకు,
నీ ఉత్తరం కన్నా నీ గొంతే ముందు అందింది. బల్ల మీది మైకు, "ఒరే, కాగితాలు వదిలి మేడెక్కు" అంది. అచ్చం బడికి లేపినట్టే. అందరికన్నా ముందు ఆఫీసరే ఎక్కారు. కింది గది పూర్తిగా నీళ్లలో ఉంది. ఇవాళ నీళ్లు తగ్గుతున్నాయి. ఆఫీసరు దిగుదామంటున్నారు.
తమ్ముడు
తా.క. నీళ్ల అడుగు నుంచి మైకు ఇంకా ఏదో గొణుగుతోంది. నీ గొంతే. మాటలు తెలియడం లేదు.

చిరంజీవికి,
ఈ ఉత్తరం పడవవాడి చేత పంపుతున్నాను. మైకు గొణిగేది నా ప్రార్థన. ఇంకా ముగియలేదు. ఇక్కడ ఏరు మళ్లీ లేస్తోంది.
అక్క
తా.క. ఆఫీసరుగారు తా.క. ఒక్కటే చదువుతారన్నావుగా. దిగవద్దు.