సుద్దముక్క అయిన తోడేలు

బిష్కెక్

గౌరవనీయులైన నాన్నగారికి,

మీ కూతురు క్యుమ్యుష్ గుండె మీద చెయ్యి పెట్టుకుని చేసే సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, అమ్మా, మన కుంటి ఆవూ క్షేమమని తలుస్తాను. మీ మంచి కన్ను అలసిపోకూడదని ఈసారి అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నాను. ఫోన్లో పంపితే, "కిర్గిజ్ మాస్టారి కూతురివై ఉండి అక్షరాల తోకలు కోసి పంపుతావా" అని తిడతారని కాగితమే పట్టాను.

అమ్మ పంపిన ఎండు పెరుగు ఉండలు అందాయి. ఆఫీసులో అందరికీ పంచాను. మా పెద్దాయన ఎర్కెబాయ్ ఒకటి నోట్లో వేసుకుని, "మీ నారిన్ వాళ్లకి నోట్లో ఉన్నవి పళ్లా, సుత్తులా?" అన్నాడు. అయినా ఇంకో రెండు జేబులో వేసుకున్నాడు.

నాకెన్ని భాషలు వచ్చని అడిగారు. యంత్రంతో మాట్లాడేవి మూడు బాగా వచ్చు, నాలుగోది తడుముకుంటాను. వాటిలో మన మాట తెలిసింది ఒక్కటైనా ఉందా అన్నారు. లేదు, అన్నీ ఇంగ్లీషు మాటలే. నేను ప్రోగ్రాం రాసుకునే చోట తప్పు రాస్తే కింద ఎర్రగీత పడుతుంది. మొదట్లో మీ ఎర్రసిరా గుర్తొచ్చి ముచ్చటేసేది. కాకపోతే కిర్గిజ్ మాట ఏది రాసినా దానికి తప్పే. విసుగొచ్చి ఆ గీత పడకుండా ఆపేసుకున్నాను. ఆ భాషల్లో అబద్ధమాడటం కుదురుతుందా అని కూడా అడిగారు. దానికి చివర్లో చెబుతాను.

ఇక్కడి కంటాసుపత్రి గురించి మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. లైబ్రరీలో మీ పాత శిష్యురాలు సలికా కంప్యూటర్ ముందు కూర్చుని వంతు కోసం మీ పేరు కొడితే, ఆసుపత్రి వెబ్‌సైట్ 'పేరు సరిగ్గా రాయండి' అందన్నారు. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట. "మాస్టారూ, దీనికి రష్యన్ అక్షరాలే కావాలేమో, అలాగే కొట్టేస్తానండీ" అందట సలికా. అలాంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోని మీరు సరేనన్నారు. కన్ను కదా మరి. బ్యోర్యుబాయ్ కాస్తా బొరుబాయ్ అయ్యారు. మన మాటలో బ్యోర్యు అనే తోడేలు బొరు అనే సుద్దముక్క అయింది. 'బతుకంతా సుద్దముక్కతో రాశాను, చివరికి నన్నే సుద్దముక్కని చేశారు' అని రాశారు. చదివి అమ్మ నవ్విందట. నాకు నవ్వు రాలేదు.

నా పని చెడగొట్టడమెందుకని నాకు చెప్పకుండానే మంచులో కనుమ దాటి వచ్చారు. కౌంటర్లో పిల్ల మీ పాస్‌పోర్టు చూసి, "తాతా, ఇందులో ఒక పేరు, లిస్టులో ఇంకో పేరు. ఈయన మీరేనని నేనెలా నమ్మేది?" అందట. మీరు వెంటనే వ్యాన్ ఎక్కి వెనక్కి వెళ్లిపోయారు. 'నువ్వూ ఆ పనిలోనే ఉన్నావు కదమ్మా, ఆ వెబ్‌సైట్ చేసిన గాడిదెవడో కనుక్కో. రష్యన్‌లో లేని మన మూడక్షరాలూ వాడి చేత బోర్డు నిండా రాయించు' అని ఉత్తరం ముగించారు.

నాన్నా, కనుక్కోవడానికి నేనెక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. ఆ గాడిద నేనే.

పేరులో అక్షరాలు తప్ప అంకెలూ చుక్కలూ ఉండకూడదని యంత్రానికి చెప్పే వరుస ఒకటి ప్రోగ్రాంలో ఉంటుంది. ఎవరో రష్యన్ రాసిపెట్టింది దొరికితే ఉన్నదున్నట్టు దించేశాను. వాళ్ల వర్ణమాలలో ఉన్న అక్షరాలనే అది రానిస్తుంది. వాటికి మనం కలుపుకున్న మూడూ గుమ్మం బయటే నిలబడ్డాయి. సరిగ్గా పనిచేస్తోందా అని చూడటానికి నేను కొట్టిన పేరు ఇవాన్ ఇవానోవ్. నా పేరు కొట్టి చూసినా తప్పు బయటపడేది కాదు. ఎందుకంటే ఆఫీసులో నేను కుముష్‌ని. ఏళ్లుగా అలాగే రాసుకుంటున్నాను, మీకు తెలియకుండా.

మీ ఉత్తరం చదవగానే ఆ వరుస సరిచేశాను. కప్పులో టీ చల్లారేలోపు అయిపోయింది. అంత చిన్న పని అని తెలిశాక ఇంకా బాధేసింది. 'దొరికాడు నాన్నా, గట్టిగా చివాట్లు పెట్టాను' అని మీకు జవాబు మొదలుపెట్టాను కూడా. సిగ్గేసి చించేశాను.

ఎర్కెబాయ్‌కి చెప్పాను. "సరిచేశావుగా, ఇక ఊరుకో. ఆసుపత్రి వాళ్ల చెవిన పడితే కాంట్రాక్టు పోతుంది" అన్నాడు.

"మా నాన్న అంత దూరం వచ్చి వెనక్కెళ్లారు, అన్నయ్యా."

"ఒక్కరే కదా."

ఆ మాట మింగుడుపడక ఆసుపత్రికి వెళ్లి అదే కౌంటర్లో అడిగాను. "రోజూ ఎవరో ఒకరు వెనక్కెళ్తూనే ఉంటారక్కా. ఊళ్ల నుంచి వచ్చిన ముసలాళ్లు, పాపం పేరు రాసుకోవడం కూడా రాదు" అంది ఆ పిల్ల. "వాళ్లకొచ్చమ్మా, నాకే రాదు" అని జరిగిందంతా చెప్పాను. పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ అరిచినంతసేపూ తలవంచుకుని విన్నాను. వెనక్కెళ్లిన వాళ్లందరికీ ఇప్పుడు ఫోన్లు చేస్తున్నారు. ఆఫీసు అయ్యాక నేనూ వెళ్లి చేస్తున్నాను. ఎర్కెబాయ్ నాతో మాట్లాడటం మానేశాడు. నిన్న ఒకావిడ, "ఇప్పుడెందుకు తల్లీ, ఆ కన్ను పోయిందిగా" అంది. క్షమించమని అడిగి, తర్వాతి నంబరు కొట్టాను.

మీ వంతు వచ్చే గురువారం. ఇంకా ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. లిస్టులో బ్యోర్యుబాయ్ అనే ఉంది, దగ్గరుండి చూసుకున్నాను. ఉత్తరం ఆలస్యం కాకుండా నారిన్ వ్యాన్ డ్రైవర్ చేతికే ఇస్తున్నాను. స్టాండు దగ్గర నిలబడి ఉంటాను. ఎంత కోపమున్నా నన్ను చూడకుండా వెళ్లిపోవద్దు.

ఇక మీ చివరి ప్రశ్న. ఆ భాషల్లో అబద్ధమాడొచ్చు నాన్నా. 'పేరు సరిగ్గా రాయండి' అన్నది నేను మీతో ఆడిన అబద్ధమే. మీ పేరు మీరు సరిగ్గానే రాశారు.

బోర్డు నిండా రాయించమన్నారు. ఇంట్లో బోర్డు లేదు. కాగితం వెనక్కి తిప్పండి. మూడక్షరాలూ, గీతా తోకా వదలకుండా, పేజీ నిండా రాశాను. కన్ను బాగయ్యాక ఎర్రసిరాతో దిద్దండి.

ఇట్లు,
మీరు వెతకమన్న గాడిద,
మీ కూతురు
క్యుమ్యుష్