పూలంచులు పక్కన పెట్టినాక

హిందూపురం,
బుధవారం.

సువర్ణక్కా,

గెలిచాం! మన నేత కార్మికుల హక్కుల పుస్తకం అచ్చయింది. ఆదివారం సోమందేపల్లె సభకు రెండు కట్టలు ఈ ఉత్తరంతోపాటే బస్సులో పంపుతున్నాను. "కంప్యూటర్‌తో అయ్యేది కాదు, చేత్తో రాసి జెరాక్స్ తీయించు" అన్నావే, ఇప్పుడు చూసుకో!

డీటీపీ సెంటర్ జయరాముడన్న తన పేజీల సాఫ్ట్‌వేర్‌కు దొరికిన ప్లగిన్లన్నీ, అంటే అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రాములన్నీ, తగిలించి పెట్టాడు. మడిచి కుట్టే పుస్తకానికి పేజీలు వరస చేసే ప్లగిన్ కూడా అందులో ఉంది. కానీ దాన్ని నొక్కితే చాలు, కంప్యూటర్ బిగుసుకుపోయేది. నాకు మండింది. అన్నీ బయటికి లాగి, కమిటీలోకి సభ్యులను తీసుకున్నట్టు ఒక్కొక్కదాన్నే పరీక్షించి లోపలికి రానిచ్చాను. చివరికి దొరికిన ద్రోహి ఎవరనుకున్నావు? పెళ్లికార్డులకు పూలంచులు వేసే ప్లగిన్! దాన్ని తీసి పక్కన పెట్టాను.

"ఏమప్పా, నా కూటికే ఎసరు పెడతాండావే!" అని జయరాముడన్న అరిచాడు.

"శ్రమజీవుల పుస్తకం ముందా, నీ పూలు ముందా?" అని నేనూ అరిచాను. పని అయ్యాక మళ్లీ పెడతానని మాటిచ్చాకే ఒప్పుకున్నాడు.

మొదటి కాపీ ఆయనే మడిచాడు. పేజీలన్నీ వరసగా వచ్చాయి! కూలి రేట్ల పేజీ దగ్గర ఆగి, నిలబడే చదివాడు. నేను పూలంచులు మళ్లీ ఎక్కించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండప్పా, పెళ్లికార్డులు యాడికి పోతాయి? ముందు ఇంకో కట్ట తీయి. మా ఇంటామె అంజనమ్మ కూడా నేస్తాది కదా. వీధినంతా పిల్చుకొని సభకు వస్తాది."

అక్కా, సభకు నువ్వు తెప్పించిన చాపలు చాలవు. ఇంకా తెప్పించు.

నీ తమ్ముడు