కుందేళ్ళు కొరికిన తెల్ల రోజా

ఆళ్లగడ్డ

అమ్మా కరుణా,

నీ అత్త ఓబులమ్మ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసుకునే సంగతులు. ఇక్కడ నా ప్రాణం బాగానే ఉంది. నంద్యాలలో నువ్వూ పాప వర్షిణీ క్షేమమని నమ్ముతున్నాను. ఈ మాటలు ఫోన్లో నాకు నోటికి రావు. పక్కింటి హన్నమ్మ నంద్యాలకు వస్తోంది, అందుకే కాగితం మడిచి దారంతో కుట్టి ఇస్తున్నాను.

పాపకు దగ్గు తగ్గిందా? చల్లనీళ్ళు తాగనీయకు. బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టనీయకు. నా మోకాళ్ళ నొప్పి సంగతి అడిగావు. అట్లే ఉన్నాయి. అన్నం తింటున్నాను, రుచి తెలియడం లేదు, అంతే.

నా కొడుకు యెషయా సమాధి దగ్గర నువ్వు నాటిన తెల్ల రోజా సంగతీ అడిగావు. మీ అమ్మ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే, "ఆయన చెట్టు పూయనీ, అప్పుడు చెప్తా" అన్నావు కదా. పాపం ఏలీయా, నిన్ను చేసుకుంటానన్నవాడు, ఆ మాట మీదే ఆగి ఉన్నాడు.

సమాధుల తోట వెనక శనగ చేను కోసేశాక కుందేళ్ళకు పచ్చనిదేదీ దొరకలేదు. వచ్చి చిగుళ్ళు కత్తిరించినట్టు కొరికేశాయి. చెట్టు మొదలు దగ్గర బెరడు కూడా గీకేశాయి. పేడనీళ్ళు చల్లాను. మంగలి అంగడి నుంచి వెంట్రుకలు తెచ్చి చుట్టూ వేశాను. కొన్నాళ్ళు భయపడి మళ్ళీ వచ్చాయి. చివరకు తుమ్మకంప ఈడ్చుకొచ్చాను.

"ఏందీ ఓబులక్కా, చేతులన్నీ చీరుకపోతాండాయి. ఉచ్చు పెడితే కూరకైనా వస్తాయి గదా!" అంది హన్నమ్మ.

"సమాధుల కాడ ఉచ్చేందే? నోరు మూసుకో."

"కొడుకు బతికున్నప్పుడు ఇంత కావలి కాయలేదే నువ్వు!"

చుట్టూ సందు లేకుండా కంప పేర్చాను. చెట్టు తేరుకుంది.

ఇంక దాచలేను. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పోయి చూస్తే మొగ్గలున్నాయి. ఒకటి పూర్తిగా విచ్చింది. నాకు సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. చెంబు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. పాప వేరే ఇంటికి పోతుంది, అవ్వా అని పిలిచేవాళ్ళుండరు, ఒకటే ఆలోచన. లేచి, నేలకు ఆనించిన కంప ఒకటి పక్కకు లాగి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మరునాడు మోడు మిగిలింది. కుందేళ్ళు తిన్నాయని అందరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. దారి వదిలింది నేనని ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి పాప గౌను మడత పెట్టాను. విప్పి మళ్ళీ మడత పెట్టాను. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. ఏలీయాను మాత్రం ఇంక ఆపొద్దు.

చెట్టు పూసింది కరుణా. తెల్లగా పూసింది. నేను చూశాను.

ఇట్లు,
వర్షిణి అవ్వ,
ఓబులమ్మ