కుదురైన చేతిరాత

అత్తయ్యగారికి మీ అల్లుడు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమిద్దరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి మనసు కుదుటపడింది. చుక్కల మందు మానకండి. మంట పుడుతోందని సీసా గూట్లో దాచేసే రకం మీరు, నాకు తెలుసు. నా పని గురించి అడిగారు. అందరూ ప్లాస్టిక్ బోర్డులకు ఎగబడుతున్నా, చేత్తో రాయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. నిన్న ఒక ఎముకల డాక్టరుకి బోర్డు రాశాను. ఆయన డిగ్రీలన్నీ పట్టించేసరికి పేరుకు చోటు చాల్లేదు.

మీ రెండో ప్రశ్న దగ్గరే చెయ్యి ఆడటం లేదు. "మా టపాకాయ ఉత్తరాల్లో ఒక్క దెబ్బలాట కూడా లేదు, చేతిరాత కూడా మరీ కుదురుగా ఉంది, ఏమైంది?" అన్నారు.

కిందటేడు మీ అమ్మాయి ఆ ప్రార్థన సమాజంలో చేరిన కొత్తలో నేను సంతోషించాను, అత్తయ్యా. మాటకు మాట అంటించే మనిషి కాస్తా, నేను ఎంత ఆలస్యంగా వచ్చినా నవ్వి ఊరుకునేది. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. బుద్ధిలేనివాణ్ణి.

తర్వాత తనకు పన్ను నొప్పి వచ్చింది. దవడ ఇంత లావున వాచింది. డాక్టరు దగ్గరికి పదమంటే, "పెద్దాయన్ని అడగాలి" అంది. ఆయన ఆ సమాజానికి అధిపతి. ఊళ్ళో లేడు. నాలుగు రోజులు మూలుగుతూ కూర్చుంది గానీ గడప దాటలేదు. "నీ పన్ను నొప్పి సంగతి ఆయనకేం తెలుసే?" అని అరిచాను. "అలా అడిగేది మీరు కాదు, మీలోని చీకటి" అంది, పాఠం అప్పజెప్పినట్టు. ఆ మాట తనది కాదు. వాళ్ళ సభలో పదిమంది నోట అదే మాట, అదే గొంతుతో విన్నాను. మన పిల్ల బుర్రలో ఇంకెవరో కాపురం పెట్టారని అప్పుడు అర్థమైంది.

ఇక దాచలేను. ఎనిమిది నెలలుగా మీకొచ్చిన ఉత్తరాలు మీ అమ్మాయి రాసినవి కావు. నేను రాసినవి. తను కుట్టు కొలతలు రాసుకున్న చీటీలు ముందు పెట్టుకుని, బోర్డు అక్షరాలు దించినట్టు తన చేతిరాత దించాను. తన పోట్లాట దించడం మాత్రం నా వల్ల కాలేదు. మీరొచ్చినప్పుడు పెద్దాయన మాటలకు నవ్వారు కదా, దాంతో మీరు వెనక్కి లాగే చెయ్యి అని ఆయన తేల్చేశాడు. మీ కవర్లు విప్పకుండానే తిరిగి పంపేయమంది తను. నాకు చేతులు రాలేదు. మీరు బెంగపడతారని ఒకటి రాశాను, తర్వాత ఆపడం చేతకాలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

మీ ఆపరేషన్ కబురు మాత్రం, మొన్న గురువారం, తనకు వినబడేలా గట్టిగా చదివాను. కుట్టుమిషన్ చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

వాళ్ళకు ఒప్పుకోలు పుస్తకాలుంటాయి. ఏ రోజు ఏ తప్పుడు తలపు వచ్చిందో రాసి, వారం వారం పెద్దాయనకు చూపించాలి. నిన్న తన పుస్తకం నిండిపోయింది. కొత్తది నా చేతిలో పెట్టి, "మీ చెయ్యి కుదురు, ఇలాగే గీతలు గీసిపెట్టండి" అని పాతది నమూనాకు ఇచ్చింది. చదవకూడదు. చదివాను.

మీరు రావాలి, అత్తయ్యా. వాదించకండి, పెద్దాయన్ని తిట్టకండి, ఊరికే వచ్చి తన పక్కన కూర్చోండి. తలుపు తను తియ్యకపోతే నేను తీస్తాను. తన రాతలు ఉన్నవి ఉన్నట్టు కింద ఎక్కిస్తున్నాను. ఈసారి ఒక్క ముక్క కూడా నాది కాదు.

"సోమవారం: గౌను కుడుతుంటే అమ్మ గుర్తొచ్చింది. తప్పు.

మంగళవారం: అమ్మ గుర్తొచ్చింది. తప్పు.

గురువారం: ఆయన అమ్మ ఉత్తరం చదువుతుంటే మిషన్ ఆపాలనిపించింది. ఆపలేదు. ఏ కంటికో అడగాలనిపించింది. తప్పు.

శుక్రవారం: ఏ కంటికో ఇంకా తెలియలేదు. తప్పు."

ఇట్లు,
మీరు ఎంత తిట్టినా పడే
మీ అల్లుడు