నా బొమ్మలు, నాయన పన్ను

కోవిల్పట్టి, శుక్రవారం

అగ్గిపెట్టెల లేబుళ్లకు బొమ్మలు వేసి ప్రెస్సుకు ఇస్తున్నానని నాయనకు కోపం. "పాపా, నీకింకా పద్దెనిమిది నిండలా. నువ్వు సంపాయించేది నా టాక్సులో చేరతాది. ఆ పని వద్దు," అన్నాడు.

నేను మానను! ఆయన్నే విరుదునగర్‌లో ఆయన టాక్సు లెక్కలు చూసే ఆడిటరు దగ్గరికి లాక్కెళ్లాను.

ఆడిటరు నవ్వాడు. "పాప తన చేతి నేర్పుతో సంపాయించింది పాప లెక్కే, అన్నా. టాక్సు తగ్గుతాదని పాప పేర డిపాజిట్టు వేసినారే, దాని వడ్డీ మాత్రం మీ లెక్కలో చేరతాది."

డిపాజిట్టా? నా పేర? నాకు ఇవాళే తెలిసింది.

బస్సులో సాత్తూరు దాటాక నాయన గొణిగాడు: "నీ మంచికే వేసినా."

కావచ్చు. కానీ అడగకుండా నా పేరు వాడుకున్నాడు. రేపు ఇవ్వాల్సిన లేబులు మీద, నేను గీసిన కోడిపుంజు కాళ్ల కింద, మొదటిసారి నేనే నా పేరు రాశాను.