చిన్నమ్మలును విడిచి నన్ను అరెస్టు చేయించుట గురించి

పంపువారు: కిల్లో ఫల్గుణ, వయస్సు 34, జీలుగుపుట్టు గ్రామం, అరకు లోయకు ఎగువ.

సబ్ కలెక్టరు గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: మా గ్రామములో ప్రభుత్వ జీపు డ్రైవరు భుజము ఎముక విరిగిన కేసులో అసలు ముద్దాయిని, అనగా నన్ను, అరెస్టు చేయించి నా భార్య చిన్నమ్మలును విడుదల చేయించుట గురించి.

ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి చదివినవాడను కనుక మా ఊరి అర్జీలన్నీ నేనే వ్రాయుదును. నీళ్ళ గురించి తమ కార్యాలయమునకు పదకొండు వ్రాసినాను. పదకొండింటికీ “మీ అర్జీ పరిష్కరించబడినది” అని ఫోనుకు మెసేజి వచ్చినది. మా కొండ మీద సిగ్నలు లేదు గనుక ఆ శుభవార్త సంతకు దిగిన రోజున తెలియును. ఇది పన్నెండవది. దీనిని మాత్రము అదే తీరున పరిష్కరించవద్దని చేతులు జోడించి కోరుచున్నాను.

1. రెండేళ్ళ క్రిందట మా ముప్పైయొక్క ఇళ్ళ ముందు సిమెంటు దిమ్మెలు కట్టి, దిమ్మెకొక కుళాయి బిగించినారు. పైపు వేయలేదు. ట్యాంకు కట్టలేదు. తిప్పితే గాలి కూడా రాదు. ఫోటోలు తీసి, ఇంటింటికీ నీరు అందినదని ఆన్‌లైనులో ఎక్కించినారు. అటు తరువాత ఊట నుండి పైపు వేయుమని ఎన్నిసార్లు అడిగినా, ఇచ్చిన ఊరికే మళ్ళీ ఇచ్చుటకు రూల్సు ఒప్పుకోవని చెప్పుచున్నారు.

2. నా కుమార్తె కనక, తొమ్మిదేళ్ళది, పుష్యమాసములో బిందె పట్టుకొని గెడ్డలోకి, అనగా కొండవాగులోకి, దిగుచు జారిపడినది. నలభై అడుగుల లోతున రాళ్ళు. నేనే దిగి ఎత్తినాను. తల వెనుక చేయి పెడితే గట్టిగా తగలవలసినది ఏదీ తగలలేదు. విచారణకు వచ్చినవారు “నీటిలో ఆడుకొనుచు మరణించినది” అని వ్రాసుకున్నారు. ఇంటి ముందు కుళాయి ఉండగా పిల్ల గెడ్డకు ఎందుకు పోవును, ఆటకే పోయి ఉండునని వారి తెలివి. వారి నోట మన్ను పడ. ఈ మాట అర్జీలో ఉండకూడదని తెలియును. అయినా కొట్టివేయను.

3. చైత్రములో మాకు ఇటుకల పండుగ. ఆ రోజులలో మగవారందరూ వేటకు పోవుదురు. ఏమీ తేకుండా వట్టి చేతులతో ఊరిలో అడుగుపెట్టిన మగవాని నెత్తిన ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి, ఊరంతా వినపడేటట్లు తిట్టుదురు. అది ఆచారము. తాత అయినా, అల్లుడు అయినా నవ్వి ఊరుకోవలసినదే.

ఈ ఏడు నేనూ పోయినాను. బిడ్డ పోయి మూడు నెలలు కాలేదు, అడవిలో వాళ్ళ పాటలు, కేకలు నేను వినలేకపోయినాను. రెండవ రోజు ప్రొద్దున్నే ఎవరికీ చెప్పకుండా తిరిగి వచ్చినాను. చేతిలో పిట్ట కూడా లేదు. పేడనీళ్ళకు సిగ్గుపడి, పశువుల సాల వెనుక నుండి దూరి మా అటక ఎక్కి పడుకొంటిని. నా భార్యకు కూడా తెలియదు.

4. ఆ పూటనే జీపు వచ్చినది. నీళ్ళ ఇంజనీరు జగన్నాథరావు గారు, డ్రైవరు శివప్రసాద్. పాత ఫోటోలలో నీళ్ళు పడుచున్నట్లు లేదని పైనుండి మాట వచ్చినదట. చిన్నమ్మలు అప్పుడే గెడ్డ నుండి బిందెతో ఎక్కి వచ్చుచున్నది. అటక సందులో నుండి నాకు అంతా కనపడుచున్నది, వినపడుచున్నది.

“అమ్మా, ఆ బిందెడు నీళ్ళూ కుళాయి మీంచి పొయ్యి. కారినట్టు అవుపడాల. ఒక్క ఫొటో, బేగి అయిపోద్ది. కాసింత నవ్వు,” అన్నారు ఇంజనీరు గారు.

“మాకేటి తెచ్చినావు బాబూ?” అన్నది చిన్నమ్మలు.

“ఏటి తేవాల? సంతకం ఎట్టించుకొని ఎల్లిపోతాను, అంతే.”

అయ్యా, పండుగ రోజున మా ఊరికి వట్టి చేతులతో వచ్చిన మగవానికి ఏమి చేయవలెనో మా ఆడవాళ్ళకు తమరు జీవో పంపనక్కర లేదు. చిన్నమ్మలు బిందెను చుక్క తొణకకుండా దించినది. గుమ్మములోని పేడకుండను ఎత్తి ఆయన నెత్తిన బోర్లించినది. మిగిలిన ఆడవాళ్ళు పకపక నవ్విరి. ఆమె నవ్వలేదు. “నా కనక గుంటని సంపిన కుళాయి పక్కన నవ్వాలేటి నాను?” అన్నది.

5. డ్రైవరు దిగి, “ఆపీసరు మీద సెయ్యేత్తావేటే?” అని నా భార్యను జుట్టు పట్టి ఈడ్చి, ఆమె ముఖమును సిమెంటు దిమ్మెకు వేసి కొట్టినాడు. బూటు కాలితో డొక్కలో తన్నినాడు. ముందరి పళ్ళు రెండు ఊడినవి. ఆ కుళాయి నుండి మొదటిసారి ఏదైనా కారినది అంటే అది చిన్నమ్మలు రక్తమే.

అది చూచిన తక్షణమే నేను అటక దిగి, మా చేతిగొడ్డలిని తిరగేసి, వెనుక నుండి వాని భుజము మీద కొట్టినాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండవ దెబ్బ వీపున వేసినాను. మూడవ దెబ్బకు పదును వైపు త్రిప్పి మెడకు గురిపెట్టినాను. చంపవలెననియే. చిన్నమ్మలు నెత్తురు నోటితో లేచి, రెండు చేతులా గొడ్డలిని పట్టి గుంజుకొన్నది. “పో, అడివిలోకి పో,” అన్నది. నేను పోయినాను. వాడు వెనుక దెబ్బ తిన్నాడు గనుక నన్ను చూడలేదు. ఇంజనీరు గారి కండ్లలో పేడ ఉన్నది. ఆడవాళ్ళు చిన్నమ్మలు రక్తము చూచినప్పుడే బిడ్డలను ఎత్తుకొని లోపలికి పారిపోయినారు. వారు మరల వచ్చుసరికి గొడ్డలి చిన్నమ్మలు చేతిలో ఉన్నది.

6. మరునాడే పోలీసు స్టేషనుకు పోయి లొంగిపోయినాను. ఎస్సై గారు టీ త్రాగుచు, “ఏరా, పెళ్ళాన్ని ఇడిపించుకోడానికి ఇదొక ఏసమా? మగోళ్ళందరూ ఏటకెల్లారని మీ ఊరోళ్ళే ఏలిముద్రలేసారు. ఆవిడే ఒప్పుకుంది. నువ్వొచ్చి నా కేసు సెడగొట్టకు,” అని బయటికి నెట్టించినారు. మూడుసార్లు పోతిని. మూడవసారి లాఠీతో మోకాలి మీద కొట్టిరి. నన్ను లోపల వేయండి అన్నందుకు కొట్టి బయటకు పంపిన స్టేషనును నేను ఎక్కడా వినలేదు.

7. టైడా స్టేషనులో రైలెక్కి, జైలుకు పోయి ఆమెను చూచినాను. నిజము చెప్పమని బ్రతిమాలినాను. పళ్ళు లేని చోట గాలి పోవుచుండగా ఆమె అన్నది: “నాను కొట్టినాననే ఉండనీ. నా గుంటకి నానేటీ సెయ్యలేపోయినాను, ఇదైనా నా పేర ఉండనీ. నువ్వు అడివి నుంచి నా కోసం పరిగెత్తుకొచ్చినావు కదా, నాకది సాలు.”

ఆమె తప్పు చెప్పుచున్నది. నమ్మవద్దు. ఆమెపై పెట్టిన హత్యాయత్నము సెక్షను నాది. ప్రభుత్వ పనికి అడ్డుపడిన సెక్షను కూడా నాకే వేయండి, నాకు అభ్యంతరము లేదు. ఆ మనిషి ప్రాణము నిలిపినది ఆమె. దానికి బహుమానము అక్కరలేదు, ఇంటికి పంపితే చాలును.

కావున తమరు పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించి, ఈ సోమవారము గ్రీవెన్సులో నేను వరుసలో నిలబడి ఉందును, పోలీసు వారిని సంకెళ్ళతో సిద్ధముగా ఉంచవలెను. ఊరకే తిప్పి పంపినచో, నేను కొట్టగలనో లేదో తమ ఆఫీసులోనే చూపించవలసి వచ్చును. ఇది బెదిరింపు అని వ్రాసుకొన్నచో అదియును మంచిదే, ఆ సెక్షను మీదనైనా పట్టుకొనుడు.

తమ విధేయుడైన నేరస్థుడు,
కిల్లో ఫల్గుణ

మళ్ళీ రాస్తన్నాను:

బాబూ, అయిదో దాంట్లో ‘తక్షణమే దిగి’ అని రాసినాను. అది అబద్ధం. ఆడు జుట్టట్టుకున్నప్పుడే నాను సూసినాను. ఇప్పుడు దిగితే ఆడోళ్ళందరి ముందరా నా మీద కూడా పేడనీళ్ళు పోస్తారనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. దిమ్మకేసి ఒకసారి కొట్టినాడు, దిగలేదు. రెండోసారికీ దిగలేదు. మూడోసారికి పళ్ళూడినాయి. అప్పుడు అది “ఓ కనక అయ్యా” అని అడివి దిక్కు తిరిగి నన్ను పిలిసింది. నాను దాని నెత్తి మీదున్నాను. అప్పుడు దిగినాను.

దీనికేదైనా సెక్షను ఉంటే ముందర అది రాయండి. కోర్టులో ఈ కాయితం సదవాల్సొస్తే మటుకు, చిన్నమ్మలుని బైటికి పంపీసి సదవండి.