పారిశ్రామిక అర్థశాస్త్రం, ఒకే ప్రతి

సిద్దిపేట, బుధవారం

పొద్దున గ్రంథాలయం మెట్ల మీద వాన నీళ్లు ఇంకా ఆరలేదు. లోపల పారిశ్రామిక అర్థశాస్త్రం తెరిస్తే సమ్మెల అధ్యాయం లేదు. ఎవరో బ్లేడుతో కోసేశారు. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

ఎదురు బల్ల మీద, రోజూ అక్కడే చదువుకునే శ్రీకాంత్ ముందు అవే పేజీలు కనిపించాయి. ప్రభుత్వోద్యోగుల నిర్వహణ మీద ఉన్న లావుపాటి పుస్తకం ఎత్తి, అతని కుడిచేతి వేళ్ల మీద మూడుసార్లు కొట్టాను. గోరు ఊడి రక్తం కారింది.

"సప్పుడు చెయ్యనిదానివి, గిట్ల కొడతవా అక్కా? గివి జిరాక్సులు! పోయిన నెల తీయించుకున్న, సూడు!"

నిజమే, జిరాక్సులే.

అతన్ని ఎవరో దవాఖానకు తీసుకెళ్లారు. క్షమించమనైనా అనలేకపోయాను. కొడుతున్నప్పుడు హాయిగా అనిపించింది. అదే భయంగా ఉంది...

ఆదివారం మా ఇద్దరికీ వ్రాతపరీక్ష.